ఇంకొంచెం తక్కువ ధరకి

స్క్రూలు పోసుకున్న సీసా మూతల మధ్య
తూవా తన ఫోన్ పెట్టింది.
"యింగ్వే, తొందరగా చూడు,
వేలం ఇంకో నలభై నిమిషాలే."

గోథెన్‌బర్గ్‌లో నవంబరు.
మూడున్నరకే దీపాలు వేసుకున్న వీధి.
ట్రామ్ మలుపు తిరిగినప్పుడల్లా
నా కొట్టు కిటికీ పళ్ళు కొరుక్కుంటుంది.

ఫోన్లో హాసెల్‌బ్లాడ్. ఈ ఊళ్ళో పుట్టిన పెట్టె.
ధర, ఉండాల్సినదాంట్లో పావు.
పిల్ల వేసవంతా చేపల బజార్లో రొయ్యలు ఒలిచింది,
వేళ్ళ మీద ఇంకా ఆ గాట్లున్నాయి.
ఆ వేళ్ళే ఇప్పుడు మీట మీద.

ఆగమన్నాను. ఆశ లావు, పీక సన్నం.
కెమెరాని చివర్లో చూద్దాం,
ముందు దాని చుట్టూ చూడు.

ఈయనెవరో ఉత్తరపు కొసన కిరునా నుంచి అమ్ముతున్నాడు.
తాతగారి అటకమీద దొరికిందట,
కెమెరాల సంగతి తనకి ఓనమాలు కూడా తెలీవట.
మరి షట్టర్‌కి నూనె వేయించి
లోపలి నురుగు పట్టీలు మార్పించానని ఎలా రాశాడు?
నూట పన్నెండు మంది మెచ్చుకున్నారు, నిజమే,
అన్నీ చొక్కా గుండీలకే.
మూడేళ్ళు నిద్రపోయిన ఖాతా
నిన్న రాత్రి లేచి పదకొండు కెమెరాలు కన్నది.
వేలంతో పని లేకుండా డబ్బు నేరుగా పంపితే
ఇవాళే పార్సిల్ కడతాడట.
ఎద్దు ఈనిందని వాడంటే
దూడకి తాడు వెతుకుతున్నావు నువ్వు.

తూవా మూతి ముడిచింది.
"ఫోటో నిన్ననే తీశానని రాశాడుగా."
నీడ చూడు.
కెమెరా కిందే ముడుచుకు పడుకుంది,
అది నడి జూన్ నీడ.
కిరునాలో ఇప్పుడు సూర్యుడు
అద్దె బాకీ ఉన్నవాడిలా
తల వంచుకుని వచ్చి, అలాగే పోతాడు.

లెన్సు పెద్దది చెయ్యి. ఇంకా.
గాజులో ఎప్పుడూ ఒక గది ఉంటుంది,
దొంగ తుడవడం మర్చిపోయేది దాన్నే.

చేసింది.
నాలుగు పలకల కిటికీ. ఒక పలకకి టేపు.
పసుపు కర్టెన్.
దాని పక్కన ఎవరో, చేతిలో కప్పు,
జుట్టు సగమే ముడేసుకుని.

కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాను.
అప్పుడు కనిపించింది
పక్క స్క్రూ మీద, నా చెయ్యి జారిన గీత.
తొమ్మిదేళ్ళ కిందట
ఈ కెమెరా అమ్మింది నేను, ఈ ఫోటో తీసింది నేను.
ఆ డబ్బుతో పడవకి మోటారు కొన్నాం.
"వెనకాల అంట్లు పడుతున్నాయి, పక్కకి జరుపు"
అంటోంది గున్‌వోర్,
ఆవగింజంత గాజులో.
నేను జరపలేదు.

"ఎవరావిడ?"
రొయ్యల డబ్బు జేబులోనే ఉంచుకో, అన్నాను.

ఫిర్యాదు చేయబోతే అడిగింది:
ఇది మోసమని మీకెలా తెలుసు?
నీడ గురించి రాశాను, కొట్టేశాను.
గుండీల గురించి రాశాను, కొట్టేశాను.
ఆ కిటికీ నాది, అని రాసి పంపాను.

గంటలో అంతా మాయం.
కిరునా, తాతగారు, పసుపు కర్టెన్.

అసలు ఫోటో నా దగ్గర లేదు,
పాత కంప్యూటరుతో పాటే పోయింది.
కాపీ చేసుకోవాలన్న బుద్ధి
ఆ గంటలో పుట్టలేదు.

పది రోజులకి మళ్ళీ వచ్చింది.
ఈసారి మాల్మో నుంచి,
ఈసారి భర్త పోయిన ఒకావిడ అమ్ముతోందట.
ధర ఇంకొంచెం తక్కువ.

మీట మీద వేలు పెట్టాను.
ట్రామ్ వెళ్ళింది. కిటికీ పళ్ళు కొరికింది.
ఇంకో ట్రామ్ వచ్చాక
నొక్కుదామనుకున్నాను.